రెండు వందల పదమూడు పంక్తులు

మొదటి రోజు

ఈ పుస్తకం మొదటి పేజీలో "ఉల్లాసంగా రాయండి" అని అచ్చు వేసి, పక్కన నవ్వుతున్న సూర్యుడి బొమ్మ కూడా వేశారు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి చేతికి ఇచ్చే పుస్తకమా ఇది? ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనో గానీ, వాళ్ళని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెడితే నాలుగు చీవాట్లు పెట్టి పంపిద్దును.

సంగతేమిటంటే, కడియంలో అంకె ఇరవై దాటనివాళ్ళంతా నెల రోజులు దినచర్య రాయాలని తెప్ప ఆఫీసు వాళ్ళ ఆర్డరు. రాస్తే ఉత్సాహం పుట్టుకొస్తుందట. నా అంకె పద్నాలుగు. పేరు వకుళ. నాలుగో తెప్ప, తూర్పు వరస, ఇరవై రెండో గది. దీన్ని ఆఫీసులో ఎవడూ తెరిచి చూడడని నాకు తెలుసు కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తాను.

పొద్దున్నే లేచి పైకప్పు సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు గీకాను. గీకకపోతే మధ్యాహ్నానికి కరెంటు ఉండదు. తర్వాత మంచినీళ్ళ వంతు. ఆ తర్వాత నడుముకి తాడు కట్టుకుని తెప్ప అంచున వేలాడుతూ, అడుగున పట్టిన గుల్లలు ఊడగొట్టాను. తొమ్మిదికల్లా నా పని అయిపోయింది. అందరి పనీ అంతే. ఆపైన పొద్దుగూకేదాకా ఆటలే. చుట్టూ సముద్రం, ఈ కొస నుంచి ఆ కొసకి ఏడు వందల అడుగుల ఊరు. మనిషి ఇంకెక్కడికి పోతాడు, ఆటలోకి పోవాలి. ఆడుతున్నప్పుడు గుండె ఎంత ఉరికిందో మణికట్టు మీది కడియం కనిపెట్టి, వందకి ఇంత అని అంకె చూపిస్తుంది.

ఇవాళ కొత్త ఆట దిగింది. మేఘాల మీద తోట. ఈ నెలలో ఇది నాలుగోది. బటన్ నొక్కితే మొక్క మొలుస్తుంది, ఇంకోసారి నొక్కితే కాయ కాస్తుంది, మూడోసారి నొక్కితే తెంపుకోవచ్చు. తెంపగానే "శభాష్, మీలాంటివారు లేరు" అంటుంది. కాయ తెంపినందుకా? ఇందులో తలుపు తీసినా శభాషే, తలుపు వేసినా శభాషే. మా చిన్నప్పుడు ఆట మమ్మల్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. చంపేది. చంపి, మళ్ళీ ఆడతావా అని సిగ్గులేకుండా అడిగేది. మేమూ సిగ్గులేకుండా మళ్ళీ ఆడేవాళ్ళం.

పదకొండు నిమిషాలు ఆడి పక్కన పడేశాను. అంకె పదమూడు.

మూడో రోజు

పక్క గది ఫల్గుణరావు వచ్చి తలుపు దబదబా బాదాడు. ఏ పంపు పగిలిందోనని తడి చేతులతోనే పరిగెత్తాను. ఆయన ఆడే చేపల ఆటలో చేప మాట్లాడిందట. కళ్ళింత చేసుకుని చెప్పాడు. ఆ చేప మాట్లాడుతుందని ఆయన నాకు చెప్పడం ఇది ఎనిమిదోసారి. ప్రతిసారీ అదే గుమ్మం, అవే కళ్ళు, అవే మాటలు. నేను కూడా ప్రతిసారీ అలాగా అండీ అని ముక్కు మీద వేలేసుకుంటాను. వేసుకోకపోతే ఆయన భార్య సుభాషిణి ఊరుకోదు. కడుగు పట్టినవాళ్ళ సంతోషం చెడగొడుతున్నానని ఆఫీసుకి చెప్పి వస్తుంది.

కడుగు అంటే ఏమిటో ఈ సూర్యుడి బొమ్మకి తెలియకపోదు గానీ, పేజీ నిండాలి కాబట్టి రాస్తాను. అంకె పడిపోయిన మనిషిని కడుగు గదిలో కూర్చోబెట్టి, ఒకప్పుడు అతనికి ఇష్టమైన ఆటని మనసులోంచి తీసేస్తారు. బయటికొచ్చాక అదే ఆటని మొట్టమొదటిసారి చూస్తున్నట్టు ఆడుకుంటాడు. తీయడం యంత్రం పనే. ఏం తీయాలో మాత్రం దానికి తెలియదు. ఆ మనిషిని దగ్గరగా ఎరిగినవాళ్ళు ఒకరు కాగితం మీద వరసగా రాసివ్వాలి. వాళ్ళని సాక్షి అంటారు. రాసింది పోతుంది, రాయనిది ఉంటుంది. ఒక ఆటకి పది పదిహేను పంక్తులు చాలు.

చాలంటే మా తెప్ప వాళ్ళు ఊరుకుంటారా? దాన్నీ పోటీ చేసి కూర్చున్నారు. నెలలో అందరికన్నా పొడుగు పట్టీ రాసిన సాక్షి పేరు కడుగు గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. ఈ నెల సుభాషిణి పేరుంది. అరవై నాలుగు పంక్తులట. చేపలు పట్టే ఆటకి అరవై నాలుగు పంక్తులు ఎక్కడి నుంచి వచ్చాయమ్మా? వల వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాడు అని రాసి ఉంటుంది. నీళ్ళ వంతు దగ్గర ఆవిడ తల ఎగరేసుకుంటూ నిలబడటం చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఐదో రోజు

ఇక అసలు సంగతి రాయాలి. నా అంకె పద్నాలుగైతే నాకొచ్చిన నష్టమేమీ లేదు. బెంగంతా మా తమ్ముడి గురించి.

వైనతేయ నాకంటే మూడేళ్ళు చిన్న. ఇదే వరసలో ఇరవై ఐదో గదిలో ఒక్కడే ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. తెప్ప కింద పంపులు బాగుచేస్తాడు. వాడి అంకె ఆరు. ఆటలో అంకె వరసగా ముప్పై రోజులు పదిలోపే ఉంటే ఆ మనిషికి ఉప్పు పట్టిందంటారు. పడవ ఎక్కించి ఒడ్డుకి పంపేస్తారు. అక్కడ బాగుచేస్తారని చెబుతారు. పడవ ఖాళీగా తిరిగి రావడమే గానీ, బాగుపడి అందులో దిగిన మనిషిని ఇరవై ఏళ్ళలో నేను చూడలేదు. వాడికి ఇవాళ్టితో పదకొండు రోజులు అయ్యాయి.

నాచు జావ కాచి పట్టుకెళ్ళాను. గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నిన్నటి గిన్నె పెట్టినచోటే ఉంది. తిట్టాను, బతిమాలాను, మళ్ళీ తిట్టాను. ఆ మేఘాల తోట పెడితే ఒక మొక్క నాటి కింద పెట్టేశాడు. దాన్ని మాత్రం నేను తప్పుపట్టను. మరి ఏది ఆడాలని ఉందిరా అని అడిగితే, పన్నెండు రేవులు అన్నాడు.

ఆ పేరు వినగానే నాకు నవ్వొచ్చింది. ఒడ్డు మీద ఊళ్ళు ఇంకా ఉన్న రోజుల మాట అది. మా నాన్న రిపేరు షాపులో ఎవరో వదిలేసి పోయిన వీడియో గేమ్ పెట్టె, దానికి ఒకే ఒక్క క్యాసెట్టు. అప్పటికే పాతది. మధ్యలో ఆగిపోతే క్యాసెట్టు పీకి, ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. ఇద్దరు ఆడాలి. ఒకరు తెడ్డు వేయాలి, ఇంకొకరు పడవలోకి వచ్చే నీళ్ళు తోడాలి. అలా పన్నెండు రేవులు దాటాలి. తెడ్డు ఎప్పుడూ నాదే. వాడు ఐదేళ్ళపాటు నీళ్ళు తోడాడు పాపం. వాడికి ఆరేళ్ళప్పుడు మొదలైన ఆట, పదకొండేళ్ళప్పుడు అమ్మ పోయిన నెలలో ఆగిపోయింది. నాన్న ఆ పెట్టెని ఎవరికో ఇచ్చేశాడు.

గంటసేపు అవే చెప్పుకున్నాం. చెప్పుకుంటూనే వాడు జావ తాగేశాడు. కడియం చూస్తే ఇరవై రెండు! ఏం లాభం, ఆటలో వచ్చిన అంకే లెక్క. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే వచ్చిన అంకె ఆఫీసుకి పనికిరాదు.

ఏడో రోజు

పాత ఆటలుంచే గదిలో వెతికిస్తే పన్నెండు రేవులు దొరికింది. రెండు జాయ్‌స్టిక్‌లతో సహా తెచ్చుకున్నాను. వాడు గోడ వదిలి నా పక్కన కూర్చున్నాడు.

ఈ యాభై ఏళ్ళలో ఆ ఆట నా మనసులో ఎంత పెద్దదైందో ఇవాళ తెలిసింది. నది అంటే నీలం గీత. మొసలి అంటే ఆకుపచ్చ డబ్బా, దానికి పళ్ళు కూడా లేవు. సంగీతం చెవి దగ్గర దోమలా ఉంది. ఏ రేవులో మొసలి లేస్తుందో తెలుసు, సుడి ఎటు తిరుగుతుందో తెలుసు. ఇద్దరం మాట్లాడకుండా అరగంటలో పన్నెండూ దాటేశాం. వాడి అంకె తొమ్మిది. నాది పదకొండు. కొత్త ఆటలన్నిటినీ చీదరించుకుంటూ తిరిగే నేను, ఏ ఆట పేరు చెప్పి వాటిని చీదరించుకుంటానో ఆ ఆటే ఆడుతూ ఆవలించాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ జరిగింది అదే.

వాడు జాయ్‌స్టిక్ కింద పెట్టి, "కడిగించుకుంటానక్కా. నువ్వే సాక్షివి" అన్నాడు.

ఇంక చూడాలి నా నోరు. నీ బుర్ర ఏమన్నా అంట్ల గిన్నె అనుకున్నావా అన్నాను. ఫల్గుణరావులా గుమ్మం గుమ్మం తిరిగి మొసలి లేచిందండీ అని చెప్పుకుంటావా అన్నాను. ఆ ఐదేళ్ళూ ఈ లోకంలో మనిద్దరి దగ్గరే ఉన్నాయి, నీ వాటా పారేస్తే నేనొక్కదాన్నే మోసుకు తిరగాలా అని కూడా అన్నాను. వాడు అన్నీ విన్నాడు.

"మరి ఒడ్డుకి పొమ్మంటావా?" అన్నాడు.

ఆట ఒక్కటే కదా పోయేది, తక్కినవన్నీ ఎక్కడికి పోతాయని వాడే నన్ను సముదాయించాడు. నిజమే కదా. రేవులు, మొసలి, సుడి రాసిస్తే సరిపోతుంది. సరేనన్నాను.

తొమ్మిదో రోజు

కడుగు గది చూసుకునే అమ్మాయి పేరు రోజ్‌లిన్. నెమ్మదైన పిల్ల. ఆటకి సంబంధించినవి ఏవీ వదలొద్దని, తోక ఒకటి మిగిలినా ఆట పాతవాసన కొట్టి కడుగు పట్టదని, రెండో కడుగు ఏడాది దాకా ఇవ్వరని చెప్పింది. అలాగని ఆటకి అవసరం లేనివి రాయొద్దని కూడా చెప్పింది. నాకా చెబుతున్నావు అని కాగితాలు తీసుకున్నాను.

అక్కడే సుభాషిణి ఉంది. తలుపు మీద తన పేరు తుడిచి మెరుగు పెడుతోంది మహాతల్లి. ఏ ఆట అని అడిగి, పకపకా నవ్వింది. అంత పాతది మీకేం గుర్తుంటుందండీ, పది పంక్తులు వస్తే గొప్పే అంది. ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను.

ఆట సంగతులే ముప్పై ఒక్క పంక్తులు వచ్చాయి. తొమ్మిదో రేవు ఒక్కదానికే నాలుగు. ఆ రేవులో సుడి ఉంటుంది. ఎంత తెడ్డు వేసినా, ఎంత తోడినా పడవ మునగాల్సిందే. ఏడాదిన్నర మునిగాం. ఒకరోజు తప్పు నీదంటే నీదని ఇద్దరం జాయ్‌స్టిక్‌లు విసిరేసి, జుట్లు పట్టుకుని నేల మీద దొర్లాం. తలెత్తి చూస్తే పడవ దానంతటదే సుడి దాటి అవతల నిలబడి ఉంది. ఏమీ చేయకపోవడమే కిటుకు! ఈ కాలం ఆటల్లో ఉందా ఈ తెలివి? శభాష్ అంటూ వెంటపడటం తప్ప ఏమొచ్చు వీటికి?

పదకొండో రోజు

నూట పద్దెనిమిది పంక్తులు. సుభాషిణి అరవై నాలుగు నిన్న మధ్యాహ్నమే దాటేశాను.

ఒకటి రాస్తుంటే దాని వెనకే ఇంకోటి వస్తోంది. మేం ఆడుతుంటే అమ్మ వెనక మంచం మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతూ, మొసలి లేచినప్పుడల్లా "అదిగో, అదిగో" అనేది. చాట ఒళ్ళోంచి జారేది. రాత్రి అన్నంలో రాళ్ళు వస్తే నాన్న తిట్టేవాడు, మొసలిని తిట్టండి అనేది అమ్మ. అది యాభై ఎనిమిదో పంక్తి. ఆ దోమ సంగీతానికి అమ్మ మాటలు కట్టి పాడేది. వకుళమ్మ తెడ్డెయ్, వైనయ్య తోడెయ్, అమ్మని ఆ రేవులో దించెయ్. అది తొంభై ఏడు. కరెంటు పోతే ఊరుకోకుండా, చీకట్లో మా ఇద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని నోటితోనే ఆట ఆడించేది. ఎడమపక్క మొసలి, కుడిపక్క రాయి అని చెబుతుంటే మేం గాల్లో తెడ్లు వేసేవాళ్ళం. ఆమె చేతికి కొబ్బరినూనె వాసన. అది నూట పదో, నూట పదకొండో.

రాస్తూ మణికట్టు చూసుకున్నాను. డెబ్బై ఒకటి. ఈ కడియం పెట్టుకున్నాక నేనెన్నడూ ఎరగని అంకె. లెక్కలోకి రాదని తెలుసు, రాకపోతే పోనీ. వీళ్ళ ఆటలన్నీ కలిపి ఇవ్వలేనిది ఒక పెన్సిలు ముక్క ఇచ్చింది.

పదమూడో రోజు

రెండు వందల పదమూడు.

వాడికి జ్వరమొచ్చిన వారం నీళ్ళు తోడే పని అమ్మ తీసుకుంది. తోడమంటే తెడ్డు బటన్ నొక్కేది. పద్నాలుగుసార్లు ముంచింది. ముంచినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది, వాడు దుప్పట్లోంచి నవ్వేవాడు. పన్నెండో రేవు మొదటిసారి దాటిన రోజు మా ఇద్దరి నోట్లో చక్కెర పోసింది. వాడు ఆడుతూ ఆడుతూ ఆమె కాళ్ళ మీద నిద్రపోతే, లేపకుండా రెండు గంటలు అలాగే కూర్చుంది. అన్నీ రాశాను. ఆస్పత్రి సంగతి మాత్రం రాయలేదు. అక్కడ ఆట లేదు.

కాగితాలు తీసుకెళ్ళి రోజ్‌లిన్ ముందు పెట్టాను. నీళ్ళ వంతులో నిలబడ్డవాళ్ళంతా చూశారు. సుభాషిణి కూడా చూసింది. రోజ్‌లిన్ ఒక్కొక్క పేజీ తిప్పుతూ మధ్యలో ఆగి నా ముఖంలోకి చూసింది.

"అన్నీ కావాలా అమ్మా?" అంది.

అందరి ముందూ అలా అడిగేసరికి నాకు తిక్క రేగింది. ఒక్క పంక్తి కూడా కల్పించి రాసింది కాదు, నా జ్ఞాపకాన్ని శంకిస్తున్నావా అన్నాను. అది కాదమ్మా అని ఏదో చెప్పబోయింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆ పిల్ల తల దించుకుని ముద్ర వేసింది.

పదిహేనో రోజు

కడుగు పట్టింది. నిన్న పొద్దున వెళ్ళినవాడు ఇవాళ పదింటికి తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ వచ్చాడు. ఆకలేస్తోందన్నాడు. రెండు గిన్నెల జావ తాగి, పన్నెండు రేవులు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి మొసలి లేవగానే ఎగిరిపడ్డాడు. అంకె ఎనభై ఒకటి. ముప్పై రోజుల లెక్క అక్కడితో తెగిపోయింది. వాడిని ఎవరూ పడవ ఎక్కించరు. నేను వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను.

కడుగు గది తలుపు మీద నా పేరు రాశారు. రెండు వందల పదమూడు అని పక్కన అంకె వేశారు. చూడటానికి రెండుసార్లు వెళ్ళాను. సుభాషిణి ముఖం మాడిపోయింది.

పదిహేడో రోజు

వాడు తొమ్మిదో రేవులో ఇరుక్కున్నాడు. రెండు రోజులుగా మునుగుతున్నాడు. మునిగినకొద్దీ అంకె పెరుగుతోంది. ఇప్పుడు ఎనభై ఆరు. తెడ్డు తనే పట్టుకున్నాడు, నాకు తోడే పని ఇచ్చాడు. సాక్షి నోరు మెదపకూడదు కాబట్టి నాలుక కరుచుకుని తోడుతున్నాను.

నాకొక ఆలోచన వచ్చింది. కిటుకు చెప్పకూడదు గానీ, గొడవ పెట్టుకోకూడదని ఎక్కడా లేదు కదా. తప్పంతా నీదేనని మొదలుపెట్టాను. తెడ్డు వేయడం చేతకాదు, నీ ముఖానికి నీళ్ళు తోడటమే ఎక్కువ అన్నాను. మోచేత్తో పొడిచాను కూడా. ఒకప్పుడైతే ఈ మాటకి నా చెయ్యి కొరికేసేవాడు.

వాడు ఆశ్చర్యంగా నావైపు చూశాడు. ఆట కోసం గొడవెందుకక్కా, కావాలంటే తెడ్డు నువ్వే తీసుకో అని జాయ్‌స్టిక్ నా చేతిలో పెట్టాడు. ఎంతో మర్యాదగా పెట్టాడు. మా ఇద్దరికీ మధ్య అలాంటి మర్యాద ఎప్పుడూ లేదు. జుట్లు పట్టుకున్న సంగతి నేను ముప్పై నాలుగో పంక్తిలో రాశాను.

పద్దెనిమిదో రోజు

పొద్దున ఉప్పు గీకుతూ ఆ దోమ పాటకి అమ్మ కట్టిన మాటలు కూనిరాగం తీశాను. నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డ వాడు, బాగుంది, ఎవరిదీ పాట అని అడిగాడు. నోటికొచ్చిందేదో పాడుకుంటున్నానని తప్పించుకున్నాను. పలక సగం గీకి వదిలేసి కడుగు గదికి వెళ్ళాను.

నా పట్టీ నాకు తిరిగి ఇచ్చెయ్యమని అడిగాను. యంత్రంలోకి వెళ్ళిన కాగితం బూడిదైపోతుందని రోజ్‌లిన్ చెప్పింది. పోనీ వాడికి నా నోటితో నేను చెబుతానన్నాను. నాకు అన్నీ గుర్తున్నాయి కదా.

"చెబితే గుర్తొస్తాయమ్మా. ఒకటి గుర్తొస్తే దాని వెనకే అన్నీ వస్తాయి, ఆటతో సహా. మీ తమ్ముడు మళ్ళీ ఆరుకి పడిపోతారు. ఇంకో కడుగు లేదు, పడవే" అంది.

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అరిచాను. ఆ రోజు ఆ పిల్ల చెప్పబోతే నోరు మూయించింది నేనే. ఫల్గుణరావుని చూసి ఇన్నాళ్ళూ నవ్వుకున్నాను. సుభాషిణి ఎనిమిదిసార్లు సాక్షిగా ఉండి చేపల్ని తప్ప ఇంకేమీ పోగొట్టలేదు. అరవై నాలుగు పంక్తుల నిండా వల వేశాడు, తీశాడు అని రాయడానికి ఎంత జాగ్రత్త ఉండాలో నాకు ఇవాళ తెలిసింది. తలుపు మీది నా పేరుని కొంగుతో చెరిపేశాను. ఎవరో చూసి, మళ్ళీ రాశారు.

ఇరవయ్యో రోజు

వాడు హుషారు మీద ఉన్నాడు. నిన్న తొమ్మిదో రేవులో ఆట మధ్యలో దాహమేసి ఇద్దరం ఒకేసారి లేచాం, పడవ దాటేసింది. వాడు ఎగిరి గంతేశాడు. ఆ ఊపులో ఇవాళ గదంతా దులిపాడు. మంచం కింద రేకుపెట్టె తీసి, అందులోంచి ఒక ఫోటో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

అందులో ముగ్గురం ఉన్నాం. ఎండకి కళ్ళు చికిలించుకుని నేను, ముందు పళ్ళు ఊడి వాడు, మా ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి అమ్మ. వాడు నన్ను గుర్తుపట్టాడు, తనని గుర్తుపట్టాడు. మధ్యలో ఉన్నావిడ ఎవరని అడిగాడు.

"అమ్మరా" అన్నాను.

ఫోటోని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. అమ్మ ఉండేదని తెలుసట, ముఖం మాత్రం తట్టలేదట. ఆస్పత్రిలో తెల్ల దుప్పటి కప్పుకుని ఎవరో పడుకుని ఉండటం, కాళ్ళ దగ్గర తను నిలబడటం మాత్రం బాగా గుర్తుందన్నాడు. ఆవిడేనా అని అడిగాడు. ఆవిడేనని చెప్పాను.

"ఎలా ఉండేదక్కా? నవ్వేదా? మనతో ఏం మాట్లాడేది? నీకు అన్నీ గుర్తుంటాయి కదా, ఒక్కటి చెప్పు" అన్నాడు.

ఒక్కటి. రెండు వందల పదమూడు నా గొంతులో ఉన్నాయి. ఆట లేని అమ్మ ఒక్కతి ఎక్కడన్నా దొరుకుతుందేమోనని వెతికాను. బియ్యం ఏరే అమ్మ వెనక మొసలి ఉంది, పాడే అమ్మ నోట్లో తెడ్డు ఉంది, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే అమ్మ చేతిలో జాయ్‌స్టిక్ ఉంది. ఏది చెప్పినా వాడికి అమ్మ దొరుకుతుంది, వాడు నాకు దొరకడు. నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఫోటోని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"నాకూ గుర్తు లేదురా" అన్నాను.

వాడి ముఖం కొంచెం వాడింది. అంతలోనే నా భుజం తట్టి, పోనీలే అక్కా, నీకూ వయసు మీద పడింది కదా అన్నాడు. ఫోటోని రేకుపెట్టెలో పెట్టేసి, పదో రేవు పెడుతున్నాను రమ్మని పిలిచాడు. వెళ్ళి వాడి పక్కన కూర్చుని నీళ్ళు తోడాను.